యుద్ధ నేరాల విచారణ: హైదరాబాద్ సంస్థానం నుంచి నల్లమల దాకా

సాయుధ ఘర్షణలో ఆయుధం పట్టని మనిషిని చంపడం, లొంగిపోయినవాణ్ణి కాల్చడం, ఖైదీని హింసించడం, ఇళ్లు దోచి ఊరిని తగలబెట్టడం అంతర్జాతీయ మానవతా చట్టం ప్రకారం నేరాలు. అవి జరిగాయా, ఎవరు చేశారు, ఎవరి ఆదేశంతో చేశారు అని తేల్చే పనే యుద్ధ నేరాల విచారణ. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో భాగాలైన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతం ఇలాంటి ప్రశ్నలను రెండు కాలాల్లో ఎదుర్కొంది. మొదటిది 1947–51 నాటి హైదరాబాద్ సంస్థాన సంక్షోభం. రెండోది 1990ల నుంచి 2000ల మధ్య వరకు నల్లమలలో సాగిన నక్సలైటు ఉద్యమ కాలం. ఈ రెండింటిలోనూ హింసపై విచారణలు జరిగాయి. అయితే తీర్పు చెప్పగలిగిన వేదికలు ఊళ్లకు రాలేదు, ఊళ్లకు వెళ్లినవారికి తీర్పు చెప్పే అధికారం లేదు.

ప్రాంతం

కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల, అలంపూర్ ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. నిజాం పాలనలో పాలమూరు సీమలో గద్వాల, వనపర్తి, జటప్రోలు, గోపాల్‌పేట, అమరచింత సంస్థానాలు ఉండేవి. జటప్రోలు సంస్థానానికి కొల్లాపురం, అమరచింతకు ఆత్మకూరు కేంద్రాలు. రైతు పైన సంస్థానాధీశుడు, ఆ పైన నిజాం సర్కారు ఉండేవి. తుంగభద్ర దాటితే అవతల మద్రాసు రాష్ట్రపు కర్నూలు జిల్లా, అంటే ఇండియన్ యూనియన్. అలంపూర్ వాసికి 1947 ఆగస్టు 15 తర్వాత ఆ నది రెండు ప్రభుత్వాల మధ్య హద్దు అయింది. తూర్పున అచ్చంపేట, అమ్రాబాద్ దాటగానే మొదలయ్యే నల్లమల అడవి చెంచుల నివాసం. దాక్కోవాలనుకున్న ప్రతి సాయుధ దళానికీ ఆశ్రయం కూడా ఆ అడవే. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజనతో జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేర్వేరు జిల్లాలయ్యాయి.

1947–48 హింస

భారత్‌లో చేరకుండా స్వతంత్రంగా ఉండాలని ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ నిర్ణయించడంతో స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహానికి దిగింది. కమ్యూనిస్టుల సాయుధ పోరాటం అప్పటికే సాగుతోంది. మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ నాయకుడు కాశిం రజ్వీ నడిపిన రజాకార్ దళాలు, నిజాం పోలీసులు ఊళ్ల మీద పడ్డారు. సరిహద్దుకు అవతల కాంగ్రెస్ శిబిరాలు వెలిశాయి. 1947 నవంబరు 29న కుదిరిన యథాతథ ఒప్పందం కూడా ఊళ్లలో శాంతి తేలేదు.

ఈ ప్రాంతంలో జనం మరవని పేరు అప్పంపల్లి. ఆత్మకూరు పరిసరాల్లోని ఈ గ్రామంలో 1947 అక్టోబరు 7న నిజాం పోలీసులు జరిపిన కాల్పుల్లో 11 మంది చనిపోయారని స్థానిక చరిత్ర చెబుతుంది. అంతకు నెల రోజుల ముందు, సెప్టెంబరు 2న, వరంగల్ వైపు పరకాలలో జాతీయ జెండా ఎగరేయబోయిన జనంపై కాల్పులు జరిగాయి. మరుసటి ఏడాది ఆగస్టు 27న భైరాన్‌పల్లి గ్రామంలో ఊచకోత జరిగింది. అంతకు కొద్ది రోజుల ముందే రజాకార్లను విమర్శించిన ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను హైదరాబాద్‌లో నడివీధిలో చంపారు.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ‘ఆపరేషన్ పోలో’ పేరుతో సంస్థానంలోకి ప్రవేశించింది. జనం దీన్ని పోలీసు చర్య అంటారు. 17న నిజాం లొంగుబాటు ప్రకటించాడు. మరునాడు ఆయన సేనాని ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరికి లాంఛనంగా లొంగిపోయాడు. అక్కడితో యుద్ధం ముగిసింది కానీ హింస ముగియలేదు. రజాకార్ల మీది కోపం అనేక జిల్లాల్లో సాధారణ ముస్లిం కుటుంబాల మీదికి మళ్లింది. హత్యలు, దోపిడీలు, స్త్రీలపై అత్యాచారాలు జరిగాయి. అప్పటివరకు హింస ఎవరి నుంచి వచ్చిందో, ఇప్పుడు వారి మతానికే చెందిన పేదలు దానికి బలయ్యారు.

పారిస్‌లో హైదరాబాద్ ప్రశ్న

సైన్యం కదలడానికి ముందే, 1948 ఆగస్టు 21న, నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి తంతి పంపింది. సమితిలో సభ్యత్వం లేని రాజ్యం కూడా తాను పక్షంగా ఉన్న వివాదాన్ని మండలి దృష్టికి తేవచ్చన్న 35వ అధికరణాన్ని ఆధారంగా చూపింది. మొయిన్ నవాజ్ జంగ్ నాయకత్వంలో ప్రతినిధి బృందం పారిస్ వెళ్లింది. మండలి సమావేశమైంది సెప్టెంబరు 16న, అంటే సైన్యం ప్రవేశించిన నాలుగో రోజున. అంశాన్ని ఎజెండాలో చేర్చడానికి 8 ఓట్లు పడ్డాయి. చైనా, సోవియట్ యూనియన్, ఉక్రెయిన్ తటస్థంగా ఉన్నాయి. భారత ప్రతినిధి రామస్వామి మొదలియార్ హైదరాబాద్ స్వతంత్ర రాజ్యమే కాదని, ఇది దేశాంతర్గత విషయమని వాదించారు.

మరునాడే నిజాం లొంగిపోయాడు. 22న ఫిర్యాదును ఉపసంహరించుకుంటున్నట్టు తంతి వచ్చింది. అది ఆయన స్వేచ్ఛగా పంపిందా అన్న దానిపై వాదోపవాదాలు సాగాయి. 1949 మే నెలలో పాకిస్తాన్ వాదన విన్న తర్వాత మండలి ఏ తీర్మానమూ చేయకుండా వదిలేసింది. చర్చ మొత్తం హైదరాబాద్ రాజ్యమా కాదా, ఫిర్యాదు చెల్లుతుందా లేదా అన్న దాని చుట్టే తిరిగింది. అప్పంపల్లిలో పేలిన తుపాకీ గానీ, పోలీసు చర్య తర్వాత తగలబడ్డ ఇళ్లు గానీ అక్కడ విచారణాంశాలు కాలేదు.

సుందర్‌లాల్ కమిటీ

ఊళ్లకు వెళ్లింది మరో బృందం. ముస్లింలపై హింస గురించిన వార్తలు ఢిల్లీకి చేరడంతో ప్రధాని నెహ్రూ ఒక సౌహార్ద బృందాన్ని పంపారు. గాంధేయవాది పండిట్ సుందర్‌లాల్, పాత్రికేయుడు కాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ అందులో సభ్యులు. 1948 నవంబరు 29 నుంచి డిసెంబరు 21 వరకు బృందం పర్యటించింది. సంస్థానంలోని 16 జిల్లాల్లో 9 జిల్లాలు తిరిగి, 109 గ్రామాలకు చెందిన 500 మందికి పైగా జనంతో మాట్లాడింది.

ఆ నివేదిక చెప్పినవాటిలో ముఖ్యమైనవి ఇవి. తక్కువలో తక్కువ లెక్క వేసినా సంస్థానం మొత్తంలో 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు కోల్పోయారు. ఎక్కువ నష్టం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో జరిగింది. ఆ నాలుగింటిలో 18 వేల మంది, ఔరంగాబాద్, బీడ్, నల్గొండ, మెదక్ జిల్లాల్లో కనీసం 5 వేల మంది చనిపోయారు. జిల్లాల వారీగా మరణాల అంచనా ఇచ్చిన ఈ ఎనిమిదింటిలో మహబూబ్‌నగర్ లేదు. కొన్ని చోట్ల సైనికులే దోపిడీకి ఉసిగొల్పారని, కొన్ని చోట్ల హత్యల్లో కూడా పాల్గొన్నారని కమిటీ రాసింది. ముస్లింలను కాపాడిన సైనికాధికారులనూ, పొరుగువారికి అడ్డంగా నిలబడ్డ హిందువులనూ పేర్కొంది. రజాకార్ల దౌర్జన్యాలను కూడా దాచలేదు.

శవాలు కుక్కిన బావులను కూడా కమిటీ చూసింది. ఒక బావిలో 11 శవాలు లెక్కపెట్టామని, అందులో ఒక తల్లి రొమ్ముకు అతుక్కుని పసిబిడ్డ ఉందని రాసింది. అప్పంపల్లిలో 11, ఈ బావిలో 11. ఈ రెండు చోట్లా చంపిన చేతులు వేరు, కారణాలు వేరు. కానీ విచారణాధికారి ముందు పెడితే రెండూ ఒకే ప్రశ్న అడుగుతాయి: ఈ 11 మంది ఎవరు, ఎవరు చంపారు, దానికి ఎవరు జవాబు చెప్పాలి?

కమిటీ న్యాయస్థానం కాదు. ప్రమాణం చేయించి వాంగ్మూలాలు తీసుకునే అధికారం గానీ, ఎవరినైనా పిలిపించే అధికారం గానీ దానికి లేవు. నివేదిక నెహ్రూకు, హోంమంత్రి సర్దార్ పటేల్‌కు చేరింది. పటేల్ దాన్ని అంగీకరించలేదు. ప్రభుత్వం దాన్ని ప్రచురించలేదు. ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో అది పరిశోధకులకు అందుబాటులోకి వచ్చిన సంగతి 2013లో వార్తలకెక్కింది. అదే ఏడాది ఎ.జి. నూరానీ తన గ్రంథంలో పూర్తి పాఠాన్ని అనుబంధంగా ముద్రించారు. సాక్ష్యం చెప్పినవారిలో చాలామంది అప్పటికి బతికి లేరు.

ఒకే శీతకాలం

అదే కాలపు ఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే సుందర్‌లాల్ కమిటీ విచారణ పరిమితి అర్థమవుతుంది. జర్మన్ నాయకులపై నురెంబర్గ్ తీర్పు 1946 అక్టోబరు 1న వచ్చింది. జపాన్ నాయకులపై టోక్యో తీర్పును 1948 నవంబరు 4 నుంచి 12 వరకు చదివారు. అందులో భారతీయ న్యాయమూర్తి రాధావినోద్ పాల్ విజేతలు పరాజితులను విచారించడాన్ని ప్రశ్నిస్తూ ముద్దాయిలందరూ నిర్దోషులని భిన్నాభిప్రాయం రాశారు. సుందర్‌లాల్ బృందం ఇంకా పర్యటనలో ఉండగానే, డిసెంబరు 9న, పారిస్‌లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ జాతి నిర్మూలన నిరోధక ఒప్పందాన్ని ఆమోదించింది. మరునాడు విశ్వజనీన మానవ హక్కుల ప్రకటన వచ్చింది. హైదరాబాద్ ఫిర్యాదును విన్న నగరమే ఆ రెండింటికీ వేదిక.

ఒకే దేశంలో జరిగే సాయుధ ఘర్షణకు వర్తించే కనీస నియమాలు మాత్రం అప్పటికి పుట్టలేదు. 1949 ఆగస్టు 12 నాటి నాలుగు జెనీవా ఒప్పందాలన్నింటిలో ఉమ్మడిగా ఉన్న 3వ అధికరణమే తొలిసారి ఆ పని చేసింది. పోరులో లేనివారిని, ఆయుధం దించినవారిని, గాయపడినవారిని మానవీయంగా చూడాలని, హత్య, చిత్రహింస, బందీలుగా పట్టుకోవడం, సక్రమమైన న్యాయస్థానం తీర్పు లేకుండా శిక్షించడం కూడదని అది చెబుతుంది. హైదరాబాద్ హింసకు ఆ చట్టం 11 నెలలు ఆలస్యంగా వచ్చింది.

ప్రత్యేక ట్రిబ్యునళ్లు

పోలీసు చర్య తర్వాత సైనిక గవర్నర్ జె.ఎన్. చౌదరి పాలనలో, ఫసలీ సంవత్సరం 1358 నాటి అయిదో రెగ్యులేషన్ కింద ప్రత్యేక ట్రిబ్యునళ్లు ఏర్పడ్డాయి. అవి యుద్ధ నేరాల కోర్టులు కావు. హత్య, దోపిడీ, గృహదహనం వంటి మామూలు నేరాల కిందే అభియోగాలు మోపారు. నిజాం కాలపు అధికారులూ, రజాకార్లూ, కమ్యూనిస్టులూ వాటి ముందు నిలబడ్డారు.

కాశిం రజ్వీకి శిక్ష పడింది 1948 జనవరి 10 నాటి బీబీనగర్ దోపిడీ కేసులో. ట్రిబ్యునల్ ఏడేళ్ల శిక్ష వేసింది. ప్రత్యేక విచారణ సమానత్వపు హక్కుకు విరుద్ధమన్న ఆయన వాదనను 1953లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పుతో కొట్టేసింది. 1957లో విడుదలై ఆయన పాకిస్తాన్ వెళ్లాడు. పెద్ద ఎత్తున సాగిన హింసకు నాయకుడిగా ఆయన్ని నిలదీసే అభియోగం ఏదీ రాలేదు.

రెండో కేసు మరింత పాఠం చెబుతుంది. 1947 డిసెంబరు 9న వరంగల్ ప్రాంతంలోని గుర్తూరు గ్రామంపై కాల్పులు, గృహదహనం, హత్యల అభియోగం వరంగల్ సుబా పాలనాధికారి (సుబేదార్) హబీబ్ మహమ్మద్‌పై వచ్చింది. కింది కోర్టులు శిక్ష వేశాయి. 1953 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆయన్ని నిర్దోషిగా వదిలింది. ఆ రోజు ఆయన వెంట ఉన్న పోలీసు అధికారి కీలక సాక్షి అయినా ప్రాసిక్యూషన్ ఆయన్ని కోర్టుకు పిలవకపోవడమే ప్రధాన లోపమని చెప్పింది. ఊరు కాలిందన్న దాంట్లో వివాదం లేకపోయినా, కాల్చమన్నది ఎవరో చెప్పాల్సిన మనిషి బోనెక్కలేదు. అంతర్జాతీయ కోర్టుల్లో నేటికీ కేసులు వీగిపోయేది ఎక్కువగా ఈ లంకె దగ్గరే.

మూడోది తెలంగాణ రైతుల కేసు. ట్రిబ్యునళ్లు ఉరిశిక్ష వేసిన 12 మంది కోసం దేశవిదేశాల్లో ఉద్యమం సాగింది. బ్రిటిష్ న్యాయవాది డి.ఎన్. ప్రిట్ వచ్చి సుప్రీంకోర్టులో వాదించారు. 1950 డిసెంబరులో కోర్టు జనార్దన్ రెడ్డి కేసులో తమకు అప్పీలు వినే అధికారం లేదంది, ఎందుకంటే హైకోర్టు తీర్పులు 1950 జనవరి 26కు ముందువి. చివరకు ఆ ఉరిశిక్షలు యావజ్జీవ శిక్షలుగా మారాయి. ఇక పోలీసు చర్య తర్వాత ముస్లింలపై జరిగిన హింసపై ఈ స్థాయి విచారణ ఏదీ జరగలేదు.

నల్లమల

1948 తర్వాత సైన్యం ఒత్తిడికి కమ్యూనిస్టు దళాలు కృష్ణా తీరపు అడవులకు, నల్లమలకు మళ్లాయి. 1951 అక్టోబరులో పోరాటం విరమించారు. నాలుగు దశాబ్దాల తర్వాత అదే అడవి నక్సలైటు దళాల స్థావరమైంది. 1993 నవంబరులో కొల్లాపురం దగ్గర సోమశిల వద్ద మందుపాతర పేలి మహబూబ్‌నగర్ ఎస్పీ పరదేశినాయుడు, మరికొందరు పోలీసులు చనిపోయారు. 2005 ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని, ఆయనతో ఉన్న పలువురిని మావోయిస్టులు కాల్చి చంపారు. మరోవైపు పట్టుకుని చంపి ఎదురుకాల్పులుగా చూపుతున్నారన్న ఆరోపణలు పోలీసులపై ఏళ్ల తరబడి వచ్చాయి. మాటు వేసి పేల్చే మందుపాతర, నిరాయుధుడిపై కాల్పులు, అదుపులో ఉన్నవాణ్ణి చంపడం: చట్టం ఈ మూడింటినీ వేర్వేరుగా తూస్తుంది. అయితే జెనీవా ఒప్పందాల 3వ అధికరణం ప్రకారం చివరి రెండూ ఎవరు చేసినా నిషిద్ధాలే.

భారత ప్రభుత్వం దీన్ని సాయుధ ఘర్షణగా ఎన్నడూ ఒప్పుకోలేదు. శాంతిభద్రతల సమస్యగానే చూసింది. కాబట్టి విచారణ దేశీయ మార్గాల్లో నడిచింది. పౌరహక్కుల సంఘాల నిజనిర్ధారణ బృందాలు ఊళ్లకు వెళ్లి శవం దొరికిన చోటు, గాయాల తీరు, చివరిసారి చూసినవారి మాటలు రాసుకునేవి. అలా వచ్చిన ఫిర్యాదులపై 1996 నవంబరు 5న జాతీయ మానవ హక్కుల సంఘం ఆంధ్రప్రదేశ్ ఎన్‌కౌంటర్ మరణాల గురించి ఉత్తర్వు ఇచ్చింది. కాల్చిన పోలీసులు చెప్పిందే కేసుగా రాసుకుని మూసేయకూడదని, వేరే సంస్థతో దర్యాప్తు జరిపించాలని చెప్పింది. 2009 ఫిబ్రవరిలో ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఎన్‌కౌంటర్ మరణంలో పోలీసులపై ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలంది. మరుసటి నెలలో సుప్రీంకోర్టు దానిపై స్టే ఇచ్చింది. 2014లో మహారాష్ట్ర ఎన్‌కౌంటర్ల కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి మరణాల దర్యాప్తుకు దేశమంతటికీ 16 మార్గదర్శకాలు నిర్దేశించింది.

ఇంకో ప్రయత్నం 1997లో రిటైర్డ్ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ నేతృత్వంలో ఏర్పడ్డ పౌర స్పందన వేదిక. కె.జి. కన్నబిరాన్, పొత్తూరి వెంకటేశ్వరరావు, పాత పాలమూరు జిల్లా మొగిలిగిద్దకు చెందిన ప్రొఫెసర్ జి. హరగోపాల్ ఇందులో ఉన్నారు. ఈ వేదిక పోలీసులనే కాదు, నక్సలైట్లనూ నేరుగా ప్రశ్నించింది. నల్లమల నుంచి వచ్చిన నాయకులతో 2004 అక్టోబరులో ప్రభుత్వం జరిపిన చర్చల వెనుక దాని కృషి ఉంది. ఆ చర్చలు నిలవలేదు.

విచారణ జరిగే తీరు

అంతర్జాతీయ విచారణ మన ఊళ్లో జరిగే పంచనామాకు పెద్ద రూపం. మొదట ఘటన: తేదీ, చోటు, చనిపోయినవారి పేర్లు. అనుమానాస్పద మరణాల దర్యాప్తుకు ఐక్యరాజ్యసమితి ప్రమాణం మిన్నెసోటా ప్రోటోకాల్. 1991లో వచ్చి 2016లో సవరణ పొందిన ఆ పత్రం శవపరీక్ష ఎలా చేయాలి, సమాధి ఎలా తవ్వాలి, కుటుంబానికి ఏం చెప్పాలి అన్నది వివరిస్తుంది. సాక్ష్యం చేయి మారిన ప్రతిసారీ ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో నమోదు కావాలి. ఫోన్ వీడియోలను, ఉపగ్రహ చిత్రాలను సాక్ష్యంగా ఎలా వాడాలో 2020 నాటి బర్క్లీ ప్రోటోకాల్ చెబుతుంది.

రెండో దశ ఘటనల మధ్య పోలిక వెతకడం. ఒక ఊరు కాలితే అది నేరం. ఒకే వారంలో ఒకే దళం పది ఊళ్లు కాలిస్తే అది విధానం. మూడోది అధికార శ్రేణి: ఆజ్ఞ ఇచ్చినవారు, తెలిసీ ఆపనివారు. యుగోస్లావియాకు 1993లో, రువాండాకు 1994లో ఏర్పడ్డ ట్రిబ్యునళ్లు ఈ పద్ధతిని స్థిరపరిచాయి. యుగోస్లావియా ట్రిబ్యునల్ 1995 అక్టోబరులో టాడిచ్ కేసులో, అంతర్యుద్ధంలో జరిగిన ఘోరాలకు కూడా వ్యక్తులు యుద్ధ నేరస్థులుగా శిక్షార్హులని తేల్చింది. 1948లో హైదరాబాద్‌కు లేని సాధనం అదే.

భారతదేశ స్థానం

భారత్ 1950లోనే జెనీవా ఒప్పందాలను ధ్రువీకరించి, 1960లో జెనీవా ఒప్పందాల చట్టం చేసింది. అయితే ఆ చట్టం కింద ప్రభుత్వం ఫిర్యాదు చేస్తే తప్ప ఏ కోర్టూ కేసు చేపట్టకూడదు. పౌరుడికి నేరుగా తలుపు తట్టే హక్కు అందులో లేదు. 1977 నాటి రెండు అదనపు ప్రోటోకాళ్లలో భారత్ చేరలేదు. మందుపాతరలను పూర్తిగా నిషేధించిన 1997 ఒప్పందంలోనూ లేదు, వాటి వాడకాన్ని కట్టడి చేసే సవరించిన ప్రోటోకాల్‌లో మాత్రం ఉంది. 1998 జూలై 17న రోమ్‌లో అంతర్జాతీయ నేర న్యాయస్థానం శాసనం 120 ఓట్లతో ఆమోదం పొందినప్పుడు తటస్థంగా ఉన్న 21 దేశాల్లో భారత్ ఒకటి. 2002 జూలై 1 నుంచి పనిచేస్తున్న ఆ కోర్టు, అంతకు ముందు జరిగిన దేన్నీ విచారించలేదు. కాబట్టి 1948 నాటి కేసులకు అక్కడ చోటు లేదు.

అంచనా

హైదరాబాద్ సంస్థానం విషయంలో విచారణ లేదనడం తప్పు. భద్రతా మండలి విన్నది, కమిటీ తిరిగింది, ట్రిబ్యునళ్లు శిక్షించాయి, సుప్రీంకోర్టు తీర్పులు ఇచ్చింది. అయితే మండలి రాజ్యాల గురించి మాట్లాడింది, కమిటీ జనం గురించి రాసింది, కోర్టులు కొందరు వ్యక్తులను విచారించాయి. ఒకరి చేతిలోని కాగితం మరొకరి బల్ల మీదికి చేరలేదు. ఒక పక్షం చేసిన హింస కోర్టుకెక్కితే, మరో పక్షం చేసింది గ్రంథాలయానికి చేరింది. నల్లమలలోనూ పోలీసు ఎఫ్‌ఐఆర్, పౌరసంఘం నివేదిక రెండు వేర్వేరు కథలు చెప్పాయి. 1996 ఉత్తర్వు కోరింది, చంపినవాడు కాక వేరేవాడు ఆ కథను రాయాలనే. యుద్ధ నేరాల చట్టానికి మూలసూత్రం కూడా అదే.